కిడ్నీ మార్పిడి తర్వాత మందులు: వేళ తప్పకుండా, తీరు మారకుండా

కిడ్నీ మార్పిడి శస్త్రచికిత్స పూర్తయి, మూత్రం ధారాళంగా రావడం మొదలై, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటకు పంపవలసిన వ్యర్థం) దిగివచ్చాక రోగికీ ఇంటివారికీ గండం గడిచిందనే అనిపిస్తుంది. శస్త్రచికిత్స వరకు అది నిజమే. అయితే ఆ కిడ్నీ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది చాలావరకు ఇంటికి వచ్చాక రోజూ వేసుకునే మందుల మీద ఆధారపడి ఉంటుంది. ఎంత మోతాదు వేయాలన్నది వైద్యులు చూసుకుంటారు. ఆ మోతాదును ప్రతిరోజూ ఒకే వేళకు, ఒకే తీరుగా శరీరానికి అందించడం మాత్రం రోగి చేతుల్లోనే ఉంది. రక్తంలో ఈ మందుల స్థాయి ఒకనాడు పైకి, ఒకనాడు కిందికి ఊగిసలాడే రోగుల్లో రిజెక్షన్, అంటే అమర్చిన కిడ్నీని శరీరం తిరస్కరించే ముప్పు ఎక్కువని వైద్య పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. అందుకే ఈ వ్యాసంలో ప్రతి జాగ్రత్తా చివరికి ఆ నిలకడ దగ్గరికే వస్తుంది.

శరీరంలోని రక్షణ వ్యవస్థ దృష్టిలో అమర్చిన కిడ్నీ ఎప్పటికీ పరాయిదే. బయటి నుంచి వచ్చిన సూక్ష్మజీవిని ఎలా గుర్తుపట్టి దాడి చేస్తుందో, ఈ కిడ్నీ మీద కూడా అలాగే దాడి చేయగలదు. 1954లో బోస్టన్‌లో జరిగిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో దాత, గ్రహీత ఇద్దరూ ఏకరూప కవలలు కావడం వల్ల ఈ చిక్కు ఎదురుకాలేదు. మిగతావారి మధ్య మార్పిడి సాధ్యమైంది 1960ల మొదట్లో రక్షణ వ్యవస్థను అణచే అజాథయోప్రిన్ అనే మందు వాడకం మొదలయ్యాకే. 1980ల్లో సైక్లోస్పోరిన్, 1990ల్లో టాక్రోలిమస్, మైకోఫెనొలేట్ రావడంతో ఫలితాలు ఎంతో మెరుగుపడ్డాయి. ఈ మందులు లేకపోతే ఏకరూప కవలలు కాని వారి మధ్య కిడ్నీ మార్పిడి అనే చికిత్సే నిలబడదు.

రిజెక్షన్ గురించి ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది మొదలైనప్పుడు చాలాసార్లు ఏ బాధా తెలియదు. మూత్రం తగ్గడం, కాళ్లు వాయడం, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం, రక్తపోటు ఉన్నట్టుండి ఎక్కువ కావడం, జ్వరం, కిడ్నీ అమర్చిన చోట నొప్పి వంటివి కనిపించవచ్చు. అయితే అవేవీ లేకుండా, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగడం ఒక్కటే తొలి గుర్తు కావచ్చు. ఒకటి రెండు డోసులు మానినా ఏమీ కాలేదని ధైర్యం తెచ్చుకునేవారు ఈ ఒక్క విషయం దగ్గరే మోసపోతారు. ఆ రోజున ఏమీ కాకపోవచ్చు. తరచూ డోసులు తప్పేవారి శరీరంలో మాత్రం దాత కిడ్నీకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు కావచ్చు. అవి నెలల తరబడి, ఏళ్ల తరబడి కిడ్నీని లోలోపలే దెబ్బతీస్తాయి. అలా పోయిన పనితనాన్ని తిరిగి రాబట్టడం చాలా కష్టం.

మీ మందులేమిటో మీకు తెలియాలి

మార్పిడి జరిగిన ఎక్కువమంది మూడు రకాల మందులు వాడతారు. మొదటిది టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్. దాడికి ముందుండే టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు మేల్కొనకుండా ఇది ఆపుతుంది. రెండోది మైకోఫెనొలేట్ లేదా అజాథయోప్రిన్. ఇది ఆ కణాల సంఖ్య పెరగకుండా చూస్తుంది. మూడోది ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. కొందరికి వీటిలో ఒకదాని బదులు సిరోలిమస్ లేదా ఎవెరోలిమస్ ఇస్తారు. ఒక్కో మందు ఒక్కో దారిని మూస్తుంది కాబట్టి మూడింటినీ కలిపి, ఒక్కోదాన్ని వీలైనంత తక్కువ మోతాదులో వాడతారు. మూడు వేసుకుంటున్నాం కదా, ఒకటి మానితే ఏమవుతుందిలే అనుకోవడానికి ఇక్కడ వీలు లేదు.

పేర్లు తెలిస్తే చాలదు, మిల్లీగ్రాములు కూడా తెలియాలి. టాక్రోలిమస్ క్యాప్సూళ్లు 0.5, 1, 5 మిల్లీగ్రాముల పరిమాణాల్లో దొరుకుతాయి. పూటకు 2.5 మిల్లీగ్రాములు వేసుకోవలసిన రోగి ఒక మిల్లీగ్రాము క్యాప్సూళ్లు రెండు, పాయింట్ ఫైవ్ ఒకటి కలిపి మింగుతాడు. ఫోన్‌లో చెప్పినప్పుడో, మందుల చీటీ మీద చుక్క సరిగా పడనప్పుడో ఆ పాయింట్ ఫైవ్ కాస్తా ఫైవ్ అయితే, ఆ ఒక్క క్యాప్సూల్‌లోనే పది రెట్లు ఎక్కువ మందు లోపలికి పోతుంది. కాబట్టి స్ట్రిప్ చేతికి రాగానే, మందులు ఇచ్చే చోటే నిలబడి, దాని వెనుక ముద్రించిన పేరునూ మిల్లీగ్రాముల అంకెనూ చీటీతో సరిచూసుకోవాలి. పాత చీటీ ప్రకారం మిగిలిపోయిన స్ట్రిప్‌లను కొత్తవాటితో కలిపి ఒకే డబ్బాలో ఉంచకూడదు. మోతాదు మారిన రోజునే ఇంట్లోని మందుల పట్టికను కొట్టివేతలు, దిద్దుళ్లు లేకుండా మొత్తం కొత్తగా రాసుకోవడం మంచిది. ఆ పట్టికలో మందు పేరు, బ్రాండు, ఒక్కో క్యాప్సూల్ ఎన్ని మిల్లీగ్రాములు, ఉదయం ఎన్ని, రాత్రి ఎన్ని, ఏ తేదీ నుంచి అనే వివరాలన్నీ ఉండాలి. దాని ఫొటో ఇంట్లో మరొకరి ఫోన్‌లో కూడా ఉంటే అత్యవసరంలో ఎంతో పనికొస్తుంది.

మైకోఫెనొలేట్ విషయంలోనూ ఇలాంటి తికమక ఒకటుంది. మైకోఫెనొలేట్ మోఫెటిల్, మైకోఫెనొలేట్ సోడియం రెండూ ఒకే కుటుంబపు మందులైనా వాటి అంకెలు వేరు. మొదటిదాంట్లో 1000 మిల్లీగ్రాములకు రెండోదాంట్లో 720 మిల్లీగ్రాములు సరిపోలుతాయి. రెండో రకం మాత్రకు పేగుల్లోకి వెళ్లాక మాత్రమే కరిగే పూత ఉంటుంది కాబట్టి దాన్ని విరిచి, నూరి, నమిలి వేసుకోకూడదు. మొదటి రకం మాత్రలనూ నూరకూడదు, క్యాప్సూళ్లను విప్పి పొడి వేసుకోకూడదు. ఆ పొడిని పీల్చడం, అది చర్మానికి అంటడం, ముఖ్యంగా గర్భిణులకు, మంచిది కాదు.

వేళ, తిండి

రోజుకు రెండుసార్లు వేసుకునే టాక్రోలిమస్‌కు, సైక్లోస్పోరిన్‌కు, మైకోఫెనొలేట్‌కు రెండు డోసుల మధ్య 12 గంటల ఎడం ఉండాలి. ఏ వేళ పెట్టుకోవాలన్నది డిశ్చార్జికి ముందే వైద్యులతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఉత్సాహంగా ఉదయం ఆరు, సాయంత్రం ఆరు అని పెట్టుకునేవారికి సెలవు రోజున నిద్ర లేవడమే కష్టమవుతుంది. పైగా రక్తంలో మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్షకు రక్తం ఇవ్వవలసింది ఉదయం డోసుకు కాస్త ముందే కాబట్టి, ల్యాబ్ తెరవకముందే మందు వేళ వచ్చేస్తుంది. ఉదయం తొమ్మిది, రాత్రి తొమ్మిది, లేదా పది, పది అని పెట్టుకుంటే ఈ రెండు చిక్కులూ ఉండవని నా అభిప్రాయం. రోజుకు ఒక్కసారే వేసుకునే, మెల్లగా కరిగే టాక్రోలిమస్ రకం వాడేవారు దాన్ని ఉదయం పూట వేసుకుంటారు. ఆ క్యాప్సూల్‌ను కూడా విప్పకూడదు, నమలకూడదు.

తిండితో పాటు వేసుకుంటే టాక్రోలిమస్ రక్తంలోకి తక్కువగా చేరుతుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న భోజనంతో అది ఇంకా తగ్గుతుంది. అందుకే సాధారణంగా భోజనానికి గంట ముందు గానీ, భోజనమైన రెండు మూడు గంటల తర్వాత గానీ వేసుకోమంటారు. పరగడుపున పడక, తిన్నాకే వేసుకోవలసి వస్తే, వైద్యులకు చెప్పి, ప్రతిరోజూ తిన్నాకే వేసుకోవచ్చు. ఒకరోజు పరగడుపున, ఒకరోజు కడుపు నిండాక వేసుకోవడమే అసలు ప్రమాదం. అలా చేస్తే మోతాదు మారకపోయినా లెవెల్ మారిపోతుంది, వైద్యులకు కారణం అంతుపట్టదు. ప్రెడ్నిసోలోన్ మాత్రం ఉదయం తిన్నాకే వేసుకోవాలి. సిరోలిమస్‌ను సైక్లోస్పోరిన్‌తో కలిపి వాడుతున్నవారు సైక్లోస్పోరిన్ వేసుకున్న నాలుగు గంటల తర్వాత సిరోలిమస్ వేసుకోవాలి.

ద్రాక్షపండుతో సంబంధం లేని, నిమ్మజాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ అనే పండును, దాని రసాన్ని పూర్తిగా మానేయాలి. పేగు గోడల్లో టాక్రోలిమస్‌ను, సైక్లోస్పోరిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది పనిచేయనివ్వదు. దాంతో రక్తంలో మందు ప్రమాదకరంగా పెరుగుతుంది. పంపరపనస కూడా అదే కుటుంబానికి చెందినది, దాన్నీ మానడమే మేలు.

జ్ఞాపకశక్తిని నమ్ముకోవద్దు. ఫోన్‌లో రెండు అలారాలు, వారానికి సరిపడా గడులున్న మందుల డబ్బా, ఇంట్లో ఒకరు అడిగే అలవాటు, ఈ మూడూ కలిస్తే డోసు తప్పడం అరుదు. అలారం మోగగానే ఆపేసి, చేతిలో ఉన్న పని ముగించి వేసుకుందామనుకున్నప్పుడే చాలా డోసులు తప్పిపోతాయి. మాత్ర మింగాకే అలారం ఆపాలి. వేసుకున్నానా లేదా అనే అనుమానం వస్తే గడి ఖాళీగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఇంకో రకం పొరపాటు నెలాఖరున జరుగుతుంది. చివరి స్ట్రిప్ అయిపోయేదాకా కొత్తది తెచ్చుకోరు, ఆ రోజు దుకాణంలో ఆ బ్రాండు ఉండదు. కనీసం పదిహేను రోజులకు సరిపడా మందు ఇంట్లో ఎప్పుడూ ఉండేలా చూసుకోవాలి.

డోసు తప్పినప్పుడు, వాంతి అయినప్పుడు

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి డోసు తప్పుతుంది. అప్పుడు ఏం చేయాలో మీ మార్పిడి కేంద్రం వారితో ముందే రాయించుకోండి. ఎన్ని గంటలలోపు గుర్తొస్తే వేసుకోవాలి, ఎన్ని గంటలు దాటితే వదిలేయాలి అన్నది మందు రకాన్ని బట్టి మారుతుంది. కొద్దిసేపట్లోనే గుర్తొస్తే వెంటనే వేసుకుని, తర్వాతి డోసు మామూలు వేళకే వేసుకోవాలి. తర్వాతి డోసు వేళ దగ్గరపడిందంటే ఫోన్ చేసి అడగాలి. ఏ పరిస్థితిలోనూ తప్పిన డోసునూ వేళకు వచ్చిన డోసునూ కలిపి రెట్టింపు వేసుకోకూడదు. టాక్రోలిమస్ రెట్టింపు అయితే ఆ మందే కిడ్నీకి హాని చేస్తుంది. తప్పిన సంగతిని పట్టికలో తేదీతో సహా రాసుకుని, తర్వాతి సందర్శనలో దాచకుండా చెప్పాలి. వైద్యుడు కోప్పడతాడేమోనని దాస్తే, లెవెల్ తక్కువగా వచ్చిన కారణం తెలియక ఆయన మోతాదు పెంచుతారు. మీరు మళ్లీ సరిగా వేసుకోవడం మొదలుపెట్టాక ఆ పెంచిన మోతాదు ఎక్కువైపోతుంది.

మందు వేసుకున్న కాసేపటికే వాంతి అయితే, ఎంతసేపటికి అయిందో గడియారం చూసి, క్యాప్సూల్ బయటకు వచ్చిందో లేదో గమనించి కేంద్రానికి ఫోన్ చేయాలి. అరగంటలోపు అయితే మళ్లీ వేసుకోమని చాలా కేంద్రాలు చెబుతాయి, కానీ మీ కేంద్రం ఏం చెబుతుందో తెలుసుకోకుండా మీ అంతట మీరు రెండోసారి వేసుకోవద్దు. నోటితో ఏదీ నిలవనంతగా వాంతులవుతుంటే ఇంట్లో కూర్చోకూడదు, ఆసుపత్రికి వెళ్లాలి. స్టెరాయిడ్ వాడేవారికి ఈ మాట రెట్టింపు వర్తిస్తుంది. చాలాకాలం ప్రెడ్నిసోలోన్ వాడినవారి శరీరం తన స్టెరాయిడ్‌ను తాను తగినంత తయారు చేసుకోలేదు. ఆ మందు ఒక్కసారిగా ఆగిపోతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

విరేచనాల సంగతి చాలామందికి వింతగా అనిపిస్తుంది. విరేచనాలైతే మందు కారిపోయి లెవెల్ తగ్గుతుందని అనుకోవడం సహజం. టాక్రోలిమస్ విషయంలో ఎక్కువగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఆ మందును విరగ్గొట్టే పేగు గోడ దెబ్బతినడం వల్ల మందు మామూలు కంటే ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఒకవైపు ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ నలుగుతుండగా, మరోవైపు టాక్రోలిమస్ పెరిగి దాన్ని ఇంకా నలిపేస్తుంది. ఒకటి రెండు రోజులకు మించి విరేచనాలు సాగితే లెవెల్, క్రియాటినిన్ రెండూ చేయించుకోవాలి. మైకోఫెనొలేట్ కూడా విరేచనాలకు కారణం కావచ్చు కాబట్టి, మోతాదును విడగొట్టడమా, తగ్గించడమా, రకం మార్చడమా అన్నది వైద్యులు నిర్ణయిస్తారు.

లెవెల్ పరీక్ష రోజు

టాక్రోలిమస్ లెవెల్ అంటే తర్వాతి డోసుకు ముందు, రక్తంలో మందు అన్నిటికంటే తక్కువగా ఉండే సమయంలో కొలిచిన అంకె. రాత్రి తొమ్మిదికి వేసుకున్నవారు మర్నాడు ఉదయం తొమ్మిదికి దగ్గరగా, మందు వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఇచ్చిన వెంటనే అక్కడే వేసుకునేలా ఆ పూట మందును వెంట తీసుకెళ్లాలి.

అలవాటుగా మందు మింగేసి ల్యాబ్‌కు వెళితే ఏమవుతుందో చూడండి. మింగిన గంట రెండు గంటలకు రక్తంలో మందు శిఖరానికి చేరుతుంది. 7 రావలసిన అంకె 16 వస్తుంది. ఆ కాగితం చూసిన వైద్యులు మోతాదు తగ్గిస్తారు. నిజానికి సరిగ్గా ఉన్న లెవెల్ ఆ తగ్గింపుతో 4కు, 3కు జారిపోతుంది. తర్వాతి పరీక్ష దాకా రోగి అలాగే ఉంటాడు, రక్షణ వ్యవస్థ మేల్కొంటుంది. ఒక్క క్యాప్సూల్ గంట ముందు మింగినందుకు ఇంత జరగవచ్చు. కాబట్టి పొరపాటున మింగేస్తే ఆ రోజు రక్తం ఇవ్వకుండా, కేంద్రానికి చెప్పి, మరో రోజుకు మార్చుకోవాలి. ఒకవేళ ఇచ్చేస్తే, చివరి డోసు ఎన్ని గంటలకు వేసుకున్నారో రిపోర్టు మీద రాయించాలి. పరీక్ష ఫారం మీద ఈ సమయం ప్రతిసారీ రాయించడం మంచి అలవాటు.

మొదటి కొన్ని నెలల్లో మిల్లీలీటరుకు 8 నుంచి 12 నానోగ్రాముల దగ్గర, తర్వాత 5 నుంచి 8 దగ్గర ఉంచే కేంద్రాలు చాలా ఉన్నాయి. మీ లక్ష్యం మాత్రం మీ రిజెక్షన్ ముప్పును, ఇన్ఫెక్షన్లను, వాడుతున్న ఇతర మందులను బట్టి వేరుగా ఉండవచ్చు. పక్కన కూర్చున్న రోగి అంకెతో మీ అంకెను పోల్చుకోవడం వల్ల ఆందోళన తప్ప ప్రయోజనం లేదు. వీలైనంతవరకు ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. కొలిచే పద్ధతి మారితే అంకె కూడా కొంత మారుతుంది.

బ్రాండు మారితే

టాక్రోలిమస్ వంటి మందులకు సరిపడా మోతాదుకూ ఎక్కువైన మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే అదే మందు, అదే మిల్లీగ్రాములు అయినా, ఒక బ్రాండు నుంచి మరోదానికి మారినప్పుడు లెవెల్ మారలేదని పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. జెనరిక్ మందు (మొదట తెచ్చిన కంపెనీ కాక ఇతర కంపెనీలు తయారుచేసే అదే మందు) నాసిరకమని దీని అర్థం కాదు. జెనరిక్ వాడుతూ ఏళ్ల తరబడి బాగున్నవారు ఎందరో ఉన్నారు. తెలియకుండా, చెప్పకుండా, నెలకొకటి చొప్పున మారడమే ప్రమాదం. మీ బ్రాండు దొరకడం లేదని దుకాణదారు వేరొకటి ఇస్తే, దాన్ని వేసుకునే ముందే కేంద్రానికి చెప్పి, ఎన్ని రోజుల్లో లెవెల్ చేయించాలో అడగాలి. ఇంకా ముఖ్యంగా, రోజుకు రెండుసార్లు వేసుకునే రకాన్నీ ఒక్కసారి వేసుకునే రకాన్నీ ఒకదాని బదులు ఒకటి వాడకూడదు. రెండింటి మీదా టాక్రోలిమస్ అనే ఉంటుంది, అయినా లోపల విడుదలయ్యే తీరు వేరు.

వేరే మందులు కలిసినప్పుడు

నిలకడగా నడుస్తున్న లెవెల్ ఒక్కసారిగా చెదిరిందంటే ఎక్కువసార్లు దాని వెనుక మరో మందు ఉంటుంది. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, సిరోలిమస్, ఎవెరోలిమస్ నాలుగింటినీ కాలేయంలోనూ పేగుల్లోనూ ఉండే ఒకే ఎంజైము విరగ్గొడుతుంది. ఆ ఎంజైమును అణచే మందు వస్తే లెవెల్ పెరుగుతుంది, దాన్ని రెచ్చగొట్టే మందు వస్తే లెవెల్ పడిపోతుంది.

ఫంగస్ ఇన్ఫెక్షన్లకు ఇచ్చే ఫ్లూకొనజోల్, వోరికొనజోల్, కీటోకొనజోల్, గొంతు, ఛాతీ ఇన్ఫెక్షన్లకు ఇచ్చే క్లారిథ్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, రక్తపోటుకు, గుండెకు ఇచ్చే డిల్టియాజెమ్, వెరపమిల్ లెవెల్‌ను పెంచుతాయి. కోవిడ్ మాత్రల్లో రిటోనావిర్ ఉన్న రకం కొద్ది రోజుల్లోనే దాన్ని విపరీతంగా పెంచగలదు. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ లెవెల్‌ను పడగొడతాయి. దిగులు తగ్గడానికి కొందరు వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కూడా ఇదే పని చేస్తుంది. వీటిని ఎప్పుడూ వాడకూడదని కాదు, క్షయ వస్తే చికిత్స చేయక తప్పదు. వాడేముందు మార్పిడి వైద్యులకు తెలియాలి, టాక్రోలిమస్ మోతాదు సవరించాలి, లెవెల్ దగ్గర దగ్గరగా చూడాలి. చాలామంది మరచిపోయే మరో వైపు కూడా ఉంది. ఆ మందు మొదలుపెట్టినప్పుడే కాకుండా ఆపినప్పుడు కూడా లెవెల్ మారుతుంది. కొన్ని కేంద్రాలు టాక్రోలిమస్ తక్కువ మోతాదుతో సరిపోయేలా డిల్టియాజెమ్‌ను కావాలనే కలిపి ఇస్తాయి. రక్తపోటు బాగానే ఉంది కదా అని వేరే వైద్యుడు దాన్ని ఆపేస్తే, టాక్రోలిమస్ లెవెల్ కొద్ది రోజుల్లో పడిపోతుంది.

నొప్పి మాత్రల విషయంలో గట్టిగా చెప్పక తప్పదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, నాప్రోక్సెన్ వంటివి లెవెల్‌తో సంబంధం లేకుండా నేరుగా కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. టాక్రోలిమస్ కూడా అదే దిశలో లాగుతుంది కాబట్టి రెండూ కలిస్తే కిడ్నీ త్వరగా దెబ్బతింటుంది. ఒళ్లు నొప్పులకు, తలనొప్పికి చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడవచ్చు. అయితే దాంతో జ్వరాన్ని అణచి, జ్వరం లేదనుకోకూడదు. అజాథయోప్రిన్ వాడేవారికి గౌట్ (యూరిక్ ఆమ్లం పెరిగి వచ్చే కీళ్లవాపు) కోసం అల్లోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ ఇస్తే ఎముక మజ్జ ప్రమాదకరంగా అణగిపోయి తెల్ల రక్తకణాలు పడిపోతాయి. కడుపు మంటకు వాడే అల్యూమినియం, మెగ్నీషియం కలిసిన యాంటాసిడ్లు మైకోఫెనొలేట్‌ను ఒంటికి పట్టనివ్వవు, వాటిని కనీసం రెండు గంటల ఎడంతో వేసుకోవాలి. పొటాషియం కలిపిన ‘తక్కువ సోడియం’ ఉప్పు కూడా అడగకుండా వాడవద్దు. టాక్రోలిమస్ వల్ల పొటాషియం ముందే కాస్త పెరిగి ఉండవచ్చు.

రోగనిరోధక శక్తిని పెంచుతాయని చెప్పే మూలికా మందులు, పొడులు, టానిక్కులు ఎవరు ఎంత ప్రేమతో తెచ్చి ఇచ్చినా వేసుకోకూడదు. మనం అణచి ఉంచాలని చూస్తున్నదే ఆ శక్తిని. వాటిలో ఏముందో, అది లెవెల్‌ను ఎటు లాగుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. పంటి వైద్యుడైనా, చర్మ వైద్యుడైనా, కంటి వైద్యుడైనా, ఎవరు కొత్త మందు రాసినా మొదట చెప్పవలసిన మాట ఒక్కటే: ‘నాకు కిడ్నీ మార్పిడి జరిగింది, ఇవి నా మందులు.’

జ్వరం, టీకాలు, దుష్ఫలితాలు

ఈ మందులు కిడ్నీని కాపాడుతూనే ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తిని తగ్గిస్తాయి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మర్నాటి దాకా చూద్దామనుకోకుండా అదే రోజు కేంద్రానికి ఫోన్ చేయాలి. చలి, మూత్రంలో మంట, దగ్గు, ఆయాసం, చర్మం మీద బొబ్బలు ఉన్నా అంతే. మొదటి నెలల్లో కోట్రైమాక్సజోల్, వాల్‌గాన్‌సిక్లోవిర్ వంటి మందులు ఇచ్చేది ఈ ఇన్ఫెక్షన్లు రాకుండా ఆపడానికే. అవి అదనపు మాత్రలనుకుని మానకూడదు. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉంటే వైద్యులే మైకోఫెనొలేట్ తగ్గించవచ్చు, కొన్నాళ్లు ఆపవచ్చు. ఆ నిర్ణయం మీరు తీసుకోకూడదు.

బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవులున్న టీకాలు, అంటే తట్టు, ఆటలమ్మ, ఎల్లో ఫీవర్, నోటి పోలియో చుక్కల వంటివి, మార్పిడి తర్వాత సాధారణంగా వేయించుకోకూడదు. ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోకోకల్, హెపటైటిస్ బి టీకాలు సజీవమైనవి కావు కాబట్టి ఎప్పుడు వేయించుకోవాలో అడిగి వేయించుకోవాలి.

చేతులు వణకడం టాక్రోలిమస్ వాడేవారికి బాగా తెలిసిన అనుభవం. సంతకం వంకర పోవడం, నిండు గ్లాసు ఎత్తితే నీళ్లు తొణకడం, దారం సూదిలోకి ఎక్కకపోవడం. కొద్దిపాటి వణుకు మామూలే. ఉన్నట్టుండి ఎక్కువైతే లెవెల్ పెరిగిందేమో చూడాలి. జుట్టు రాలడం, కొత్తగా మధుమేహం రావడం, రక్తపోటు పెరగడం కూడా ఈ మందుతో చూస్తాం. సైక్లోస్పోరిన్‌తో చిగుళ్లు ఉబ్బుతాయి, ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతాయి. స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బి బరువు పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ముఖం మారిపోయిందని, జుట్టు పోతోందని, ముఖ్యంగా యువతీయువకులు, ఎవరికీ చెప్పకుండా మాత్రలు తగ్గించుకుంటారు. వారి బాధ చిన్నదేమీ కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. ఇబ్బంది పెట్టే మందును మార్చడానికి, మోతాదు సవరించడానికి వైద్యుల దగ్గర దారులుంటాయి. రహస్యంగా తగ్గించుకుంటే ఆ దారులు మూసుకుపోతాయి. చర్మ క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది కాబట్టి ఎండలో ఒళ్లు కప్పే దుస్తులు, టోపీ, సన్‌స్క్రీన్ వాడాలి. చర్మం మీద మానని పుండు గానీ కొత్త గడ్డ గానీ కనిపిస్తే చూపించాలి.

గర్భం గురించి ఆలోచించే స్త్రీలకు మైకోఫెనొలేట్ విషయం చాలా ముఖ్యం. అది గర్భస్రావానికి, శిశువులో పుట్టుకతో వచ్చే లోపాలకు కారణమవుతుంది. దాన్ని వాడుతున్నంత కాలం నమ్మకమైన గర్భనిరోధక పద్ధతులు పాటించాలి. బిడ్డ కావాలనుకుంటే కనీసం ఆరు వారాల ముందే వైద్యుల పర్యవేక్షణలో దాన్ని ఆపి, సాధారణంగా అజాథయోప్రిన్‌కు మారతారు. మార్పిడి జరిగిన తర్వాత కనీసం ఏడాది ఆగి, కిడ్నీ నిలకడగా ఉన్నాకే ప్రయత్నించమంటారు. అనుకోకుండా గర్భం వస్తే మందులు మీ అంతట మీరు ఆపకుండా అదే రోజు ఫోన్ చేయండి.

దాచడం, ప్రయాణాలు, ఆసుపత్రిలో చేరినప్పుడు

మందులను తేమ తగిలే స్నానాల గదిలో, వేడెక్కే కారులో, కిటికీ ఎండలో ఉంచకూడదు. టాక్రోలిమస్ క్యాప్సూళ్లను వీలైనంతవరకు స్ట్రిప్‌లోనే ఉంచి, వేసుకునే ముందు తీయడం మంచిది. వారం డబ్బా వాడేవారు స్ట్రిప్‌ను ముక్కలుగా కత్తిరించి గడుల్లో పెట్టుకోవచ్చు. కత్తిరించేటప్పుడు పేరు, మిల్లీగ్రాములు ఉన్న భాగం పోకుండా చూడాలి.

ప్రయాణంలో మందులను సామాను పెట్టెలో వేయకుండా చేతి సంచిలోనే ఉంచుకోవాలి. అనుకున్నదానికంటే వారం రోజులకు ఎక్కువ మందు, చీటీ నకలు వెంట ఉండాలి. గంటల తేడా ఉన్న దేశానికి వెళుతుంటే డోసుల వేళను ఎలా జరపాలో బయలుదేరక ముందే అడిగి రాయించుకోవాలి.

వేరే కారణంతో, వేరే ఆసుపత్రిలో చేరవలసి వస్తే మీ మందుల పట్టికను చేరిన వెంటనే వార్డులో ఇచ్చి, మార్పిడి కేంద్రం ఫోన్ నంబరు చెప్పి, రెండు చోట్ల వైద్యులూ మాట్లాడుకునేలా ఇంటివారు పట్టుబట్టాలి. ఆపరేషన్ కోసం ఏమీ తినవద్దన్నప్పుడు ఈ మందుల సంగతేమిటని విడిగా అడగాలి, ఎక్కువగా కొద్ది నీళ్లతో వేసుకోమనే చెబుతారు. సిరోలిమస్, ఎవెరోలిమస్ మాత్రం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి కాబట్టి ముందే నిర్ణయించిన ఆపరేషన్లకు వాటిని కొన్నాళ్లు మార్చవచ్చు. వార్డులో ఇచ్చే మందు మీ బ్రాండేనా, రెండుసార్ల రకమా ఒక్కసారి రకమా అన్నది నర్సు చేతిలో చూసి సరిచూసుకోండి. ఆ బ్రాండు అక్కడ లేకపోతే మీ మందునే వాడతామని వారికి చెప్పి, ఇంటి నుంచి తెప్పించుకోండి.